ఘాటు

కోల్డ్ స్టోరేజీ తగలబడిన రోజున
ఏటుకూరు రోడ్డు పొడుగునా అందరి కళ్ళూ కారాయి.
బస్సు కండక్టరు ఏడ్చాడు, సోడాబండి అతను ఏడ్చాడు,
తమవాళ్ళెవరూ పోనివాళ్ళు కూడా
ముక్కులు చీదుకుంటూ ఏడ్చారు.
అందుకే మా ట్యూషన్ పిల్లలకి
ఏది ఏడుపో, ఏది మిరపకాయో
ఇప్పటికీ తేలలేదు.

నేను వాళ్ళకి ఎక్కాలు చెప్పే అక్కని. అంతే.
మేడ మీద, రేకుల కింద, పద్నాలుగుమంది.
లోహిత్ వాళ్ళ నాన్న టిక్కీలు మోసేవాడు.
ఏసుమణి వాళ్ళమ్మ తొడిమలు తీసేది.

పెద్దకర్మలూ, ఆదరణ కూడికలూ అయ్యాక
చాప పరిచే ముందు
ఏం చెప్పాలో కాగితం మీద రాసుకున్నాను.
దేవుడి దగ్గరున్నాడు. కొట్టేశాను.
నిద్రపోయాడు. కొట్టేశాను,
పిల్లలు పడుకోవడానికే జడుస్తున్నారట.
ఊరెళ్ళాడు. అదీ కొట్టేశాను,
ఏ బస్సుకి తిరిగొస్తాడని అడుగుతారు.
చివరికి ఒక్క మాట మిగిలింది.
చనిపోయాడు.
అది నోటి దాకా రావడానికి
మూడు గ్లాసుల మంచినీళ్ళు పట్టాయి.

లోహిత్ విని తలూపాడు.
"తెలుసక్కా. మరి సోమారం లెక్కల నోట్సు కొనిపెడతానన్నాడు,
అదెవరు కొంటారు?"

ఆ సాయంత్రమే మొదలైంది ఆట.
పుస్తకాల సంచులు టిక్కీలయ్యాయి, ఒకదానిమీదొకటి.
షబ్రీన్ సైరను.
నాగూరు నా చున్నీ పట్టుకుని నీళ్ళ పైపు.
ఏసుమణి దుప్పటి కప్పుకుని పొగ.
పొగ ఎలా నడుస్తుందో దానికి బాగా తెలుసు,
నేలబారుగా వచ్చి, మెల్లిగా లేచి, అందర్నీ చుట్టుకునేది.
లోహిత్ లోపల.
ప్రతిసారీ లోహిత్ లోపలే.

కింది వాటా మామ్మగారు మెట్లెక్కి వచ్చి
"అశుభం! ఇదేం ఆటే, మాన్పించు" అంది.
మాన్పించాను. రెండుసార్లు.
క్యారమ్ బోర్డు తెచ్చిపెట్టాను.
మర్నాటికి క్యారమ్ బోర్డు
కోల్డ్ స్టోరేజీ తలుపయింది.
ఇక ఊరుకున్నాను,
గోడకి వీపానించి చూస్తూ కూర్చున్నాను.

ఆరు రోజులు ఆ తలుపు తెరుచుకోలేదు.

ఏడోనాడు ఏసుమణి దుప్పటి విసిరేసింది.
"నాకు ఉక్కపోస్తంది. నేను పొగ కాను."
సైరను ఆగిపోయింది.
పొగ లేకపోతే ఏం చెయ్యాలో ఎవరికీ తెలీలేదు.
సంచుల వెనకనించి తొంగిచూశాడు లోహిత్.
"అక్కా, నువ్వుండు."
"పొగగానా?"
"కాదు, బయట నిలబడే మనిషిగా. పేరుపెట్టి పిలవాలి."

ఏ పేరని నేను అడగలేదు.
"అంకారావూ!" అన్నాను.
గొంతు పట్టేసింది, ఈసారి మిరపకాయేం లేదు.
లోపల్నించి చాలాసేపు ఏమీ రాలేదు.
కింద ఎవరో కుక్కర్ దించారు.
అప్పుడు, లేని బొంగురు తెచ్చిపెట్టుకుని,
"ఆఁ... ఉన్నా."
"బయటికి రా."
"రాలేనమ్మా.
మావోడికి నోట్సు కొనిపెట్టు."

రెండొందల పేజీలది, గీతలది, కొన్నాను.
అట్ట మీద పేరు వాడే రాసుకున్నాడు,
ఇంటిపేరు తర్వాత నాన్న పేరు కూడా ఇరికించి.
ఇవాళ తొమ్మిది పదమూళ్ళ దగ్గర తప్పాడు,
అందరూ నవ్వితే వాడూ నవ్వాడు,
నవ్వి, వెంటనే మెట్ల వైపు చూశాడు,
ఎవరన్నా విన్నారేమోనని.

వాళ్ళ నాయనమ్మ ఇప్పుడు దిష్టికి
ఉప్పు మాత్రమే తిప్పుతోంది.
పొయ్యిలో ఎండుమిరపకాయ వెయ్యడం మానేసింది.
ఎవరూ చెప్పలేదు ఆమెకి.

ఏసుమణి మాత్రం ఇంతవరకూ ఏదీ అడగలేదు.
రోజూ నా మోకాలికి ఆనుకుని కూర్చుని
పెన్సిళ్ళన్నీ చెక్కుతుంది, మొన అరిగినవీ, అరగనివీ,
బొటనవేలితో టక్కున తొడిమ తీసినట్టు.
పొట్టు కుప్ప చేసి
"పారెయ్యకక్కా" అంటుంది.
పారెయ్యను.