సున్నా

"పాడుతుంటే నా గొంతు జీరపోతుంది."
ఈ ఒక్క వాక్యం డచ్‌లోకి రావడానికి
మూడు వారాలు పట్టింది మాకు.
మార్నిక్స్ వెతికి తెచ్చిన మాట
తుప్పుపట్టిన తలుపుకి సరిపోతుందని
బౌక్యె నవ్వింది.
గెంట్ నుంచి వచ్చిన గోడెలీవ్
మావైపు అది పిల్లులకే వాడతాం అంది.
కొట్టేశాం. రాశాం.
తిరిగి ఇంగ్లీషులోకి మార్పించి
అద్దంలో మొహం మనదేనని నమ్మాక
అచ్చుకిచ్చాం.

గ్రోనింగెన్‌లో ఆ రోజు అడ్డవాన.
మొదటి కాగితం నింపింది చిట్స్కె,
చర్చి బృందంలో ముప్పైయేళ్ల ఆల్టో.
తడి గొడుగు మోకాళ్ల మధ్య ఇరికించుకుని
ముప్పైఆరు ప్రశ్నలకీ
"ఎప్పుడూ లేదు" గడిలోనే టిక్కు పెట్టింది.
కూడితే సున్నా.
ఇంత ఆరోగ్యమైన గొంతు
మా లెక్కల్లో ఎక్కడా తగల్లేదు.

"పాడేటప్పుడు ఏ ఇబ్బందీ లేదా?"

గొడుగు కొసన చుక్క రాలేదాకా ఆగి
అంది,
జీరగా,
మేం మూడు వారాలు వెతికిన సరిగ్గా ఆ జీరతో:
"పాడితే కదమ్మా.
మానేసి రెండేళ్లయింది."

దాన్ని ఏ గడిలో వెయ్యాలో
మార్నిక్స్‌కీ తెలీలేదు.
బౌక్యె పెన్ను మూత తీసి
మొదటి ప్రశ్నకి పైన
ఇంకో ప్రశ్నకి చోటుందా అని
కాగితం వెలుతురుకి పట్టి చూస్తోంది.