ఎడమ బొటనవేలు

సరిహద్దు పోలీసుల ఆఫీసులో యంత్రం
నా బొటనవేలిని మూడుసార్లు కాదంది.
కేఫ్‌లో పళ్లేలు తోమి తోమి గీతలు అరిగిపోయాయి.
కిటికీ వెనక అమ్మాయి లేచి వచ్చి
నా వేలిని తన వేలితో అద్దం మీద అదిమింది.
నాలుగోసారికి, నేను నేనేనని తేలింది.

ఆ మధ్యాహ్నమే మొదటి ల్యాబ్.
పళ్లెంలో గంజి పేరుకున్నట్టు అగార్.
"కడగని వేలు ఈ పక్క, కడిగిన వేలు ఆ పక్క
ఒత్తండి" అన్నాడు ప్రొఫెసర్ టర్మో.
మా బహిర్ దార్ కచేరీలో
చదువు రానివాళ్లు ఒత్తేవారిలా.
ఒత్తి, సిరా వేలిని జుట్టుకి తుడుచుకునేవారు.
ఇంత దూరం చదువుకొచ్చి
నేనూ వేలిముద్రే.

ముప్పై ఏడు డిగ్రీలు. ఒక రాత్రి, ఒక పగలు.
టార్టూలో ఆ వారం మైనస్ పద్దెనిమిది.
వంతెన మీద ఎవరేం మాట్లాడినా
ముందు పొగ కనిపించి, తర్వాత మాట వినిపించేది.
ఊరు మొత్తానికి వెచ్చనిది ఆ ఇన్‌క్యుబేటరే.
తలుపు తీసి మొహం పెట్టి నిలబడ్డాను,
పళ్లేలు చూస్తున్నట్టు.
వెనక లైదా. ముప్పై ఏళ్లుగా అక్కడ సీసాలు కడుగుతున్న మనిషి.
"తలుపు వెయ్యి. వాటికి చలి."

వాటికి!

మర్నాడు వెలుగుకి ఎత్తి చూస్తే
కడగని పక్క ఏడే ఏడు చుక్కలు.
కడిగిన పక్క
గసగసాల పొట్లం ఒలికినట్టు.
హెయ్‌కి తన వేలు వాసన చూసుకున్నాడు.
"కడిగితే పోవు, కదులుతాయి" అన్నాడు టర్మో.
"లోపల దాక్కున్నవి పైకొస్తాయి."
రాసుకున్నాను. కింద గీత కూడా గీశాను, ఎందుకో.

ఒక్కటి మాత్రం పసుప్పచ్చగా, తళతళలాడుతూ.
గదిలో ఇంకెవరికీ లేదు అలాంటిది.
గీకి, గాజుపలక మీద పూసి, మంటకి చూపి
ఊదారంగు పోశాను, అయోడిన్ పోశాను,
ఇక ఆల్కహాల్. ఇక్కడే జాగ్రత్త:
పది దాకా లెక్కపెట్టాలి,
పదిహేనైతే నిలవాల్సిన రంగూ జారిపోతుంది.
అంద్, హులెత్, సొస్త్...
ఈ ఊరొచ్చాక నా భాష నా నోటెంట
పైకి రావడం అదే మొదలు.
హెయ్‌కి తల తిప్పి చూశాడు. నేను ఆపలేదు.
ఊదా నిలిచింది.
నాలుగేసి గుండ్రాలు, ఒకదాన్నొకటి ఒరుసుకుని,
నలుగురు పడుకునే మంచంలా.

శుక్రవారం అన్నీ ఆటోక్లేవ్‌లోకి.
"ఇదొక్కటీ ఉంచుకోనా?"
లైదా తల అడ్డంగా ఊపింది.
మూత మీద నా అక్షరాలు చూసి
"ఇదేంటి, చదువు" అంది.
సెనాయిత్, అన్నాను.
రిజిస్టర్‌లో తీరిగ్గా రాసింది
తన భాష అలవాటుకొద్దీ అచ్చుని రెండుసార్లు దిద్ది:
సేనాయిత్.
నాకు లేని దీర్ఘం.

సరిచేద్దామని నోరు తెరిచేసరికి
ఆవిరి కూత పెట్టింది.
"సంతకం" అంది లైదా.
పెట్టాను, ఆ దీర్ఘంతోనే.
కలం కారి వేలికి సిరా అంటింది.
అటూ ఇటూ చూసి
జుట్టుకి తుడుచుకున్నాను.