పొట్టకొచ్చి ఈననిది

పులీలో రాత్రి రెండున్నర.
కొండనీళ్ళు తొడల్లోతు.
రబ్బరు దుస్తుల్లో, నుదుటిదీపాల కింద
ముందు మా అత్త యువే-ఓ, వెనక నేను.
ఆమె ఆకుమట్టలు ఒక్కొక్కటే ఒత్తి చూస్తుంది
పసిపిల్లకు జ్వరం చూసినట్టు.
ఇది ఇవాళ్టిది. ఇది ఎల్లుండిది.
ఒక్క కోత.
మట్టలు ఒలిస్తే జానెడు తెల్లని కాండం,
మీగడ రంగు, నున్నగా.
సంతలో దీన్ని సుందరి పిక్క అంటారు.
లోపలున్నది కాటుక తెగులని ఎవరూ అనరు.

ఒకప్పుడు ఇది గింజపైరట,
రాజుల వంటిళ్ళకు బియ్యమై వెళ్ళేదట.
ఎప్పుడో దుంపలోకి బూజు చేరింది.
చేరి, కాపురం పెట్టింది.
విత్తనమే లేదు గనక పిలకలు చీల్చి నాటుతాం,
పిలకతో పాటు దాన్నీ నాటుతాం.
నెలల తరబడి చప్పుడు చెయ్యదు.
గడ్డి పూతకు సిద్ధమైన రోజున మాత్రం
దారికి అడ్డంగా కూర్చుని
మొవ్వు చెవిలో పెరుగు, పెరుగు అంటుంది.
ఒక్క కణం పదవుతుంది, పదీ ఉబ్బుతాయి.
కంకి రావలసిన చోట మా కూర.

నేను మెకాంగ్ ఒడ్డుదాన్ని.
వరి పొట్టకు రావడం, ఈనడం చూస్తూ పెరిగాను.
పొట్టకొచ్చి ఈననిదాన్ని కోయడం
అలవాటవడానికి మూడేళ్ళు పట్టింది.
నా పేరు న్హాన్. అత్తకు నోరు తిరగక లాన్ అంటుంది.
దానికి అయిదేళ్ళు పట్టింది.

ఒక్కరోజు ఆలస్యమైతే చాలు,
కోసిన చోట నల్లచుక్కలు.
ఇంకో నాలుగు రోజులకు కాటుకే కాటుక,
వేళ్ళకంటుకుంటే సబ్బుకూ పోదు.
మా బతుకంతా తెగులు మీదే,
అదీ వయసులో ఉన్న తెగులు మీద.

ఇవాళ అయిదో మడిలో ఒకటి
పక్కవాటికంటే మూరెడు ఎత్తు,
సన్నగా, నిటారుగా, కంకి వేసి.
"మగది. పీకెయ్."
"దీనికి రోగం లేదత్తా."
"అందుకే."

పీకాను, దుంపతో సహా, బురదతో సహా.
కంకి మాత్రం తుంచి టోపీలో దోపుకున్నాను.

తెల్లారి, పెట్టెలు లారీ ఎక్కాక
పంపుషెడ్డు మెట్టు మీద దులిపి చూస్తే
పదకొండు గింజలు, సూదుల్లా, నల్లగా.
ఒకటి కొరికాను.
అత్త చూసింది.
యాభై ఏళ్ళుగా ఇదే మడిలో దిగుతున్న మనిషి.
తిడుతుందనుకున్నాను.
"ఎలా ఉంది?"
"పచ్చిగడ్డిలా."
రబ్బరు తొడుగు విప్పి
నీళ్ళకు నానిన అరచెయ్యి చాపింది.
"ఒకటి ఇటివ్వు."