ఇరవైనాలుగు మాటలు

బంగారుపాళ్యం రోడ్డులో మా మామిడి గుజ్జు ఫ్యాక్టరీ.
జూన్ వస్తే నా లెడ్జరు కాగితాలు కూడా
తోతాపురి వాసనేస్తాయి.

పోయినేడు ఉగాదికి ముందు బోర్డు కూర్చుంది.
బ్యాంకు వడ్డీ ఏ మూలకీ చాలదని,
రూపాయి ఐసుగడ్డ అని, పిడికిట్లో ఉండగానే కారిపోతుందని
హేమాద్రి సారు గోడ మీద ఒక గీత చూపించాడు.
గీత తలకోన కొండలా ఎక్కింది.
మధ్యలో రెండు లోయలున్నాయి,
ఆయన చేతి కర్ర అక్కడ ఆగలేదు.
తీర్మానం నేనే టైపు చేశాను:
మిగులు నిధిని బిట్‌కాయిన్‌లో ఉంచడమైనది,
పదేళ్ళు కదపరాదు.
'కదపరాదు' కింద గీత గీయమన్నాడు. గీశాను.

దాని తాళంచెవి ఇనుము కాదు,
ఇరవైనాలుగు ఇంగ్లీషు మాటలు.
ఎనిమిది ఆయనకి, ఎనిమిది మద్రాసు ఆడిటరు వరదాచారికి,
ఎనిమిది నాకు.
పద్దెనిమిది వేల జీతందాన్ని,
కోట్లలో మూడో వంతు నాలుక కింద పెట్టుకుని
పలమనేరు బస్సులో నిలబడి ఇంటికి పోతాను.
నా ఎనిమిదిలో ఒకటి పండు పేరు.
అంతకన్నా చెప్పకూడదు.

ఈ ఏడు కాయ విరగకాసింది. ధర విరిగింది.
ట్రాక్టర్లు గేటు నుంచి పెట్రోలు బంకు దాకా.
చీటీలు రాసిస్తున్నాను: పేరు, టన్నులు, దింపిన తేదీ.
డబ్బిచ్చే తేదీ గడి ఖాళీ.

తవణంపల్లె గుర్రప్ప చీటీ మడవకుండానే అడిగాడు,
"యాడుందమ్మా మా దుడ్డు?"
ఉంది పెద్దాయనా. తియ్యకూడదంతే.
"గుజ్జు మాదిరి డ్రమ్ముల్లోనా?"
కాదు. కంటికి కనపడదు.
"కుళ్ళతాదా?"
కుళ్ళదు.
"మాగతాదా?"

మాగుతుందని సారు నమ్మకం.

ట్రాక్టరు నీడలో గొంతుక్కూర్చుని
ముట్టించని బీడీ వేళ్ళ మధ్య తిప్పుతా చెప్పాడు:
"మా తాత రాగులు పాతరేసినాడు.
ఊరంతా ఎండినా మూడేండ్లు మూత తియ్యలా.
అది తెలివే, కాదనను.
తీసినపొద్దు మాత్రం తాడు కట్టి
ముందు దీపం దించినాడు.
దీపం ఆరితే మనిషి దిగకూడదు.
లోపల గింజ బాగనే ఉంటాది తల్లీ,
గాలే ఉండదు.
మీకాడ ఆ దీపం ఉండాదా?"

సాయంత్రం సారు ఫోనులో గీత చూపించి నవ్వాడు.
పన్నెండు శాతం పైకి.
సున్నాలు రెండుసార్లు సరిచూసి రిజిస్టరులో ఎక్కించాను.
గేటు బయట అడుగు వరస కాయలు చితికి
రసం తారు మీదికి కారుతోంది.
నా చెప్పులు అతుక్కుని ఊడొచ్చాయి.

బస్సులో రోజూలాగే మాటలు వల్లె వేసుకున్నాను.
ఏడు వచ్చాయి.
పండు పేరు రాలేదు.

మురకంబట్టు దాటాక గుర్తొచ్చింది.
రాని ఆ కాసేపుని
ఏ పద్దు కింద రాయాలో
నాకింకా తెలీదు.