దొరికినప్పుడు

దూది చుట్టిన పుల్ల ముక్కు దాకా తెస్తే
ఉరుకుందమ్మ తల పక్కకు తిప్పేసింది.
"పుండు మోకాలికి గదా సారూ,
ముక్కులో ఏం పోగొట్టుకున్నావు?"

కర్నూలు పెద్దాసుపత్రి.
తొడ తోలు తీసి మోకాలికి అతికే ముందు
ముక్కు, చంక, ఆ తర్వాత
చెప్పలేక నేను నసుగుతుంటే
నర్సు మాబున్నీ పుల్ల లాక్కుని
తెర అవతలికి నన్ను తోసేసింది.

తుగ్గలి మనిషి. తొలకరి పడితే చాలు
జొన్నగిరి చేలల్లో మోకాళ్ళ మీద
వజ్రాలు వెతుకుతుంది.
గాజుపెంకు గీరింది, చీము పట్టింది.
మోటారుసైకిలు డాక్టరు రోజుకో రంగు మాత్ర ఇచ్చినాడు.
నొప్పి తగ్గిన రోజు మిగిలినవి కొంగున కట్టుకుంది,
కోడలికి జ్వరమొస్తే రెండు,
మేకపిల్ల నీరసపడితే ఒకటి.

"మా కాడ రాయి దొరికితే అరవం నాయనా.
ముందు చుట్టూ చూస్తాం.
గుప్పిట మూసి, ఇంటి దాకా మాటాడం.
మీ కాడ దొరికితే?"

గొర్రె నెత్తురు కలిపిన పళ్ళెంలో ఒక రాత్రి,
మందు బిళ్ళల పళ్ళెంలో ఇంకో రాత్రి.
ఆరు బిళ్ళలు. ఒక్కోదాని చుట్టూ
ఖాళీ వలయం కనపడాలి.
ఒక్కదాని చుట్టూనే కనపడింది.
మిగతా ఐదింటి దగ్గర
ఎండాకాలం గొర్రెలు తుమ్మనీడకు చేరినట్టు
అంచుకు ఆనుకుని
హాయిగా కూర్చున్నాయి.

మా కాడ దొరికితే అరవాలి ఉరుకుందమ్మా.
వార్డుకు ఫోను, రిజిస్టర్లో ఎర్ర సిరా,
కేస్ షీటు మీద ఒక చీటీ.

సాయంత్రానికి ఆమె మంచం కిటికీ మూలకు పోయింది.
అతుకు ఆపరేషను వారం వెనక్కి జరిగింది.
టీ పిల్లోడు గ్లాసు గడప దగ్గరే నేలమీద పెట్టి
పరిగెత్తినాడు.
దాన్నే చూస్తూ అంది:
"హోటల్లో మా అమ్మకు వేరే గ్లాసుండె.
మళ్ళీ వచ్చెనా ఆ కాలం?"

అది కాదమ్మా, అన్నాను.
నీకు జబ్బు చేయలేదు, అవి నీ మీద ఊరికే ఉన్నాయి,
ఐదు రోజులు ముక్కులో పూత, మందు నీళ్ళ స్నానం,
పక్క మంచాల వాళ్ళకు అంటకూడదని...
నా మాస్కు వెనక నా మాటలు
నాకే సరిగ్గా వినపడలేదు.

"ఇన్ని ముక్కుల్లో చూస్తావు గదా,
నీదాంట్లో చూసుకున్నావా?"

పదకొండేళ్ళ ఉద్యోగం.
ఎవరూ అడగలేదు.

ఆ రాత్రి ల్యాబులో ఒక్కణ్ణే, ఒక పుల్ల తీసుకున్నాను.
కళ్ళలో నీళ్ళు తిరిగాయి, పుల్ల వల్లే.
పళ్ళెం మీద పేరు రాసే చోట
అడ్డగీత ఒకటి గీసి
ముప్పై ఏడు డిగ్రీల చీకట్లో పెట్టి
తలుపు వేశాను.

పొద్దున అందరికంటే ముందే వచ్చాను.
హంద్రీ వైపు నుంచి ఇంకా చలిగాలి వస్తోంది.
పెట్టె పిడి మీద చెయ్యి వేసి
తీయబోతూ
ముందు చుట్టూ చూశాను.