ఆరు వారాలకు అప్పగింతలు

రా రైగో, బూట్లు గుమ్మం దగ్గరే విడిచెయ్.
తడి సంగతి పాదానికి తెలిసినంతగా
కంటికి తెలియదు.

రేపు పొద్దున ఏడింటి ఫెర్రీకి పోతున్నా.
తార్తులో నా తుంటి తీసేసి కొత్తది పెడతారట.
ఆరు వారాలు.
అందాకా ఈ పెరడు నీది.
పదిహేనేళ్ల కుర్రాడికా అని ఎండెల్ నవ్వాడు.
ఎండెల్ శనివారం శనివారం
గడ్డికి గుండు గీస్తాడు.
ఆయన మాట వినకు.

గడ్డి నాలుగు వేళ్ల ఎత్తుండనీ.
మిషన్ బ్లేడుకు పదును పెట్టించా.
మొద్దు బ్లేడు కొయ్యదు, పీకుతుంది,
కొసలు చిరిగి తెల్లబడితే అదే గుర్తు.
రాళ్లగోడ వెంట మూరెడు మేర మాత్రం
ముట్టుకోకు.
అక్కడ ముళ్లపంది కాపురముంది.

సారెమా మట్టి, నీకు తెలిసిందే,
జానెడు తవ్వితే సున్నపురాయి పలుకుతుంది.
అందుకే బంగాళాదుంపల కింద సముద్రపు నాచు పరిచా,
ఏప్రిల్ తుఫాను ఒడ్డుకు కొట్టినది.
కంపు కొడితే ముక్కు మూసుకో, కెలక్కు.
మొక్క మోకాలి దాకా రాగానే
మొదట్లోకి మట్టి ఎగదొయ్.
ఎండ తగిలిన దుంప పచ్చబడుతుంది,
పచ్చబడిందాన్ని ఎవరికీ పెట్టకు.
ఎండెల్‌కి కూడా.

నీళ్లా? ముందు వేలు గుచ్చి చూడు.
రెండో కణుపు దాకా పొడిగా ఉంటేనే పొయ్యి,
ఆకుల మీద కాదు, కాళ్ల మీద.
రోజూ గుక్కెడు పోస్తే వేళ్లకు బద్ధకం,
పైపైనే తిరుగుతాయి.
మూడు రోజులకోసారి కడుపు నిండా.
జూన్‌లో రాత్రి పదకొండుకీ వెలుతురుంటుంది,
మోసపోకు,
అది పొద్దు తీగ మీద మరిచిపోయిన దుప్పటి.
పోయి పడుకో.

గ్రీన్‌హౌస్ తలుపు ఎనిమిదికల్లా తెరువు.
టమాటా చంకల్లో పిలకలొస్తాయి,
వేలంత కాకముందే గిల్లెయ్, గోరు చాలు.
నీలం పీపాలోది దురదగొండి ఆకుల నీళ్లు,
ఒక చెంబుకు పది చెంబులు కలుపు.
వాసన నీ చొక్కాని నాలుగు రోజులు వదలదు,
మీ అమ్మకు ముందే చెప్పు.

గుల్ల లేని నత్తలకు:
సాయంత్రం క్యాబేజీ పక్కన పాత చెక్క పరిచి
పొద్దున తిరగెయ్. అన్నీ అక్కడే.
తరవాతేం చెయ్యాలో నీ ఇష్టం.
నాకు సబ్బునీళ్ల బకెట్టుంది.
మొదటి ఏడు ఏడ్చాను.

బావి పక్కనున్నది నాట్.
పేరే అది, ఎవరూ నాటలేదు.
మా వంబోలా ముప్పైరెండేళ్లు దానితో కుస్తీ పట్టాడు,
పార, గునపం, నల్ల ప్లాస్టిక్, ఒక ఏడు అద్దె మేక.
తెల్ల వేరు గోరంత మిగిలితే చాలు
వారంలో గొడుగు పట్టేది.
ఆయన పోయిన వసంతంలో,
మంచు కరిగీ కరగ్గానే
లేతాకు గిల్లి సూప్ కాచుకున్నా.
బాగుంది, రైగో.
ముప్పైరెండేళ్లు గుమ్మం ముందే ఉన్న కూర.
గరిటె పట్టుకుని కాసేపు
ఆయన కుర్చీ వైపు చూశా.

దాన్ని కావాలంటే కొయ్యి. తవ్వకు,
తవ్వితే ఒకటి వంద.
ఇప్పుడు ముదిరింది, తినకు కూడా.

బ్లాక్‌కరెంట్ పళ్లు జూలై చివరికి నల్లబడతాయి.
వల కప్పకు, పిట్టల కాళ్లు చిక్కుకుంటాయి.
వాటికి సగం, మీ ఇంటికి సగం.
నాకోసం చూడకు.
డాక్టర్లు ఆరంటే ఎనిమిదవుతుంది,
పండు అవదు.

తాళంచెవి బోర్లించిన బకెట్టు కింద ఉంటుంది,
ఎర్రది. పచ్చది ఓటిది.
గొట్టం చుట్టి నీడన పెట్టు, ఎండకు పగులుతుంది.
ఇంకా ఏదో చెప్పాలనుకున్నా…

ఆఁ.
ముళ్లపందికి పాలు పొయ్యకు,
ఎంత ముద్దొచ్చినా సరే.
దానికి పడవు. మూకుడులో నీళ్లు,
అంతే.