యాభై రూపాయల లోపు

మా తాత చెప్పేవాడు,
వెనకటి షావుకారు దివాలా తీస్తే
పట్టపగలు కొట్టు గుమ్మంలో దీపం పెట్టి
లోపల వట్టి నేలమీద కూర్చునేవాడట.
రావలసినవాళ్ళు వచ్చి చూసి
తిట్టాల్సింది తిట్టి
వెళ్ళిపోయేవాళ్ళట.
ప్రమిదలో నూనె ఎంతసేపని ఉంటుంది?
పొద్దుగూకే వేళకు కొండెక్కేది.

నా దీపం పెట్టి ఐదేళ్ళు.

ఆండర్సన్ వీధిలో పెళ్ళిపత్రికల అచ్చు మాది.
పసుపు అంచు, వెండి వినాయకుడు,
చి.ల.సౌ.ల పేర్లు బంగారు పొడిలో.
శుభలేఖలు ఫోన్లలోకి దూరిన ఏడాదే
అప్పు చేసి తైవాన్ మిషను దింపాను.
అంతకు మించి చెప్పుకోవడానికి ఏమీ లేదు.
"పాండురంగం ఐపీ పెట్టాడు" అన్న మాట
ప్యారిస్ కార్నర్ దాటి
పెరంబూరులో మా వియ్యాలవారి వీధికి
నాకంటే ముందు బస్సెక్కి పోయింది.

హైకోర్టు ఎర్రగోడల వెనక
జడ్జిగారు నా విడుదల అర్జీ తిరగేసి
ఇంకో రెండేళ్ళు ఆగమన్నారు.
వరండాలో వకీలు వసుమతి
వేళ్ళు మడుస్తూ బోధపరిచింది.
కంపెనీకి డైరెక్టరుగా ఉండకూడదు.
ఎన్నికల్లో నిలబడకూడదు.
నవ్వొచ్చింది నాకు,
మా ఫ్లాట్ల సంఘంలోనే
నన్ను కూర్చోమనేవాడు లేడు.
దేశం దాటాలంటే కోర్టు సరే అనాలి.
కొత్తగా ఏది చేతికొచ్చినా
ముందు అధికారికి చెప్పాలి.
ఇక చిటికెన వేలు:
యాభై రూపాయలు, ఆపైన ఎక్కడ అప్పు తీసుకున్నా
నేను విడుదల కాని దివాలాదారుణ్ణని
ముందుగా చెప్పి తీసుకోవాలి.
దాస్తే నేరం.

"యాభయ్యేనా అమ్మా?"
"తెల్లదొరలు రాసిన యాభై అండీ,
అప్పట్లో మూడు సవరన్లు వచ్చేవి.
ఇప్పుడు మూడు టీలు."

ఈ రెండేళ్ళు ఎందుకు పెరిగాయంటే,
అర్జీ పెట్టడానికి నెల ముందు
బైండింగు కుప్పమ్మ నా దగ్గర దాచుకున్న
ముప్పైయారు వేలు ఆమెకిచ్చేశాను.
పదిహేనేళ్ళు కాయితం అంచులు ఒరిసి
రేషను మిషను మీద ముద్ర పడని వేళ్ళు ఆమెవి.
బ్యాంకు ఉంది, కాయితం సేటు ఉన్నాడు,
సిరా కంపెనీ ఉంది.
అందరూ వరసలో నిలబడి ఉండగా
ఒకరిని చెయ్యిపట్టి ముందుకు లాగాను.
చట్టం దాన్ని పక్షపాతం అంటుంది.
కాదని నేనెలా అనను?
సేటు కొడుకు మొహం కోర్టు మెట్ల మీద చూశాను,
వాడి తప్పు మాత్రం ఏముంది.
ఆ డబ్బు వెనక్కి కట్టమని కుప్పమ్మకు నోటీసు వెళ్తే
చదవడం రాక
రెండు వైపులా తిప్పి చూసి,
కాయితం కోత వంకరగా ఉందని
గోటితో అంచు సరిచేసిందట.
ఆ సంగతి ఇంకా తేలలేదు.

కోర్టు ఎదురుగా కోయా టీ కొట్టులో
నాకో ఖాతా.
బుధవారానికి నలభై ఐదు.
గురువారం గ్లాసు అందుకోబోతూ చెయ్యి ఆగింది.
"కోయా, నేను విడుదల కాని దివాలాదారుణ్ణి.
ఇది తాగితే అరవై."
బెంచీ మీద గుమాస్తా
పేపరు కిందికి దించాడు.
కోయా పాలు పైనుంచి తిరగబోస్తూనే
"పంచదార వెయ్యనా?" అన్నాడు.

ప్రతిరోజూ చెప్పాలా, ఒక్కసారి చాలా,
వకీలునడగాలి.
మొదటి రోజు గొంతు వణికింది.
మూడో రోజుకి
జేబులో కర్చీఫులా తీసి చూపించేశాను.

ఇవాళ మాత్రం పక్కనున్న కుర్రాడు,
మెడలో ఏదో కంపెనీ ట్యాగు,
గ్లాసు కిందపెట్టి గొంతు తగ్గించాడు.
"సార్, ఇది పెట్టాలంటే ఎవర్ని కలవాలి?"
అతని ఫోను మోగుతోంది.
ఆపితే ఇంకో నంబరు నుంచి మోగుతోంది.
బల్లమీద దాన్ని బోర్లా తిప్పాడు.

నేను కొంచెం జరిగాను,
అతను ఇటు తిరిగి కూర్చోవడానికి.